ఐవీఏలో ఉన్నారా? యూకేలో బేసిక్ బ్యాంక్ అకౌంట్ ఇలా తెరవండి

"ఐవీఏలోకి వెళ్తున్నాను. ఇక నాకు ఏ బ్యాంకైనా అకౌంట్ ఇస్తుందా?"

యూకేలో ఉంటున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఐవీఏ అంటే ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్, అప్పు తీర్చడానికి అప్పిచ్చినవాళ్లతో కుదుర్చుకునే ఒప్పందం. అడిగేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఇంటికి తెలియకూడదు, ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు తెలియకూడదు, ఆఫీసులో అసలే తెలియకూడదు. జవాబు మాత్రం నేను గట్టిగానే చెప్తాను: ఇస్తుంది. ఓవర్‌డ్రాఫ్ట్ లేని, ఫీజు లేని బేసిక్ అకౌంట్‌ను పెద్ద బ్యాంకులు ఇచ్చి తీరాలని ఇక్కడ చట్టమే ఉంది. 2015 నాటి పేమెంట్ అకౌంట్స్ రెగ్యులేషన్స్ అంటారు దాన్ని. క్రెడిట్ స్కోరు పాడైందన్న ఒక్క కారణంతో మీకు ఈ అకౌంట్ ఇవ్వననడానికి వీల్లేదు.

కాబట్టి అకౌంట్ దొరుకుతుందా అని టెన్షన్ పడకండి. ఏ బ్యాంకులో తెరుస్తున్నారు, ఏ పని ముందు చేస్తున్నారు అన్నదే చూసుకోవాలి. నేను అక్కడే తప్పు చేశాను. నాకు ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ ఉన్న బ్యాంకులోనే జీతం పడేది. అప్పుల సంగతి మాట్లాడటం మొదలుపెట్టాను, కార్డులకు కట్టడం ఆపాను, జీతం మాత్రం అక్కడే ఉంచేశాను. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ఎత్తేసింది. శుక్రవారం పడిన జీతాన్ని ఆ బాకీయే మింగేసింది. సోమవారం అద్దె కట్టాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ వారాంతంలో నాకు బాగా అర్థమైంది. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇది ఎవరికి పనికొస్తుంది

ముఖ్యంగా ఐవీఏ వాళ్లకు. ఇది ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో చట్టబద్ధంగా కుదుర్చుకునే ఒప్పందం. మామూలుగా 5 ఏళ్లు, సొంత ఇల్లు ఉన్నవాళ్లకు కొన్నిసార్లు 6 ఏళ్లు నడుస్తుంది. ఓటు వేసిన అప్పిచ్చినవాళ్లలో, బాకీ విలువ ప్రకారం 75 శాతం ఒప్పుకుంటే అది అందరికీ వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో ట్రస్ట్ డీడ్, డెట్ అరేంజ్‌మెంట్ స్కీమ్ ఉన్నాయి. డెట్ రిలీఫ్ ఆర్డర్‌లో ఉన్నా, చట్టబద్ధం కాని డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో ఉన్నా కింద చెప్పిన దశలు దాదాపు ఇవే. దివాలా మాత్రం వేరు. అందులో మీకు అప్పటికే ఉన్న అకౌంట్లు స్తంభించే అవకాశం ఉంది కాబట్టి, ముందు ఆ కేసు చూస్తున్న అధికారితో మాట్లాడి తర్వాతే ఏ అడుగైనా వేయండి.

ఇంకా ఏ ఒప్పందంలోకీ వెళ్లలేదా? అయితే సంతకం పెట్టే ముందు స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ లాంటి ఉచిత సలహా సంస్థల్లో ఒకదానితో మాట్లాడండి. ఫోన్ చేసి తొందరపెట్టే కంపెనీకి ఐవీఏ ఫీజే ఆదాయం. ఆ సంగతి గుర్తుంచుకుని వినండి.

కావలసినవి

- పాస్‌పోర్టు. యూకే డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే అదీ.
- ఈవీసా షేర్ కోడ్, అంటే మీ వీసా హోదాను ఆన్‌లైన్‌లో చూపించే కోడ్. కోడ్ తీసేటప్పుడు ఉద్యోగం కోసమా, అద్దె ఇంటి కోసమా, మరో పని కోసమా అని అడుగుతుంది. బ్యాంకుకు మూడోది కావాలి. ఆ కోడ్ ఎస్ అక్షరంతో మొదలవుతుంది. డబ్ల్యూతో మొదలైన కోడ్ ఇచ్చి, బ్యాంకు తీసుకోలేదని వాపోయేవాళ్లు చాలామంది.
- చిరునామా రుజువు: కౌన్సిల్ టాక్స్ బిల్లు, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, హెచ్‌ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) ఉత్తరం లాంటిది. బిల్లయితే గత 3 నెలల్లోది పెట్టుకోండి. మొబైల్ బిల్లును చాలా బ్యాంకులు ఒప్పుకోవు.
- మీ అప్పుల పూర్తి జాబితా. ఇది బ్యాంకుకు ఇవ్వడానికి కాదు, మీరు చూసుకోవడానికి.
- పాత అకౌంట్ 3 నెలల స్టేట్‌మెంట్లు. వీటితో 7వ దశలో పని పడుతుంది.

వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట. పబ్లిక్ ఫండ్స్ వాడకూడదన్న షరతుకూ ఈ అకౌంట్‌కూ సంబంధం లేదు. బేసిక్ అకౌంట్ ప్రభుత్వ సాయం కిందకు రాదు. చట్టబద్ధంగా ఇక్కడ ఉంటే చాలు.

1. ఎవరికి బాకీ ఉన్నారో గ్రూపులతో సహా రాసుకోండి

బ్యాంకుకు సెట్-ఆఫ్ అనే హక్కు ఉంటుంది. మీరు ఆ బ్యాంకు క్రెడిట్ కార్డుకో, లోనుకో బాకీ పడితే, అదే బ్యాంకులో మీ పేరున ఉన్న కరెంట్ అకౌంట్ నుంచి ఆ డబ్బు లాగేసుకోవచ్చు. అందుకే మొదటి నియమం: బాకీ ఉన్న చోట కొత్త అకౌంట్ తెరవకండి.

ఇందులో తప్పటడుగు ఎక్కడ పడుతుందంటే, బోర్డు మీద పేరు వేరుగా ఉన్నా లోపల బ్యాంకు ఒకటే అయినప్పుడు. లాయిడ్స్, హ్యాలిఫాక్స్, బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ఒకే గ్రూపు. ఎంబీఎన్ఏ కార్డు కూడా వాళ్లదే. నాట్‌వెస్ట్, ఆర్‌బీఎస్, అల్‌స్టర్ బ్యాంక్ ఒక గ్రూపు. హెచ్‌ఎస్‌బీసీ, ఫస్ట్ డైరెక్ట్, ఎం అండ్ ఎస్ బ్యాంక్ మరో గ్రూపు. బార్క్లేకార్డ్ బార్క్లేస్‌ది. టెస్కో క్రెడిట్ కార్డుల వ్యాపారం కూడా 2024 నవంబరులో బార్క్లేస్ చేతికి వచ్చింది. నేషన్‌వైడ్ 2024లోనే వర్జిన్ మనీని కొనేసింది. కాబట్టి హ్యాలిఫాక్స్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ ఉండి లాయిడ్స్‌లో అకౌంట్ తెరిస్తే గది మారారు గానీ ఇల్లు మారలేదు.

కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమ వైపు మీ అప్పు, కుడి వైపు అది ఏ గ్రూపుది. కుడి వైపు కనిపించిన ఏ పేరూ మీకు పనికిరాదు.

2. బ్యాంకును ఎంచుకోండి

బేసిక్ అకౌంట్ ఇవ్వాల్సిన బ్యాంకుల జాబితా ప్రభుత్వ ట్రెజరీ దగ్గర ఉంటుంది. ఊరూరా బ్రాంచీలున్న పెద్ద బ్యాంకులన్నీ అందులో ఉన్నాయి. మనీహెల్పర్ వెబ్‌సైట్‌లో వీటిని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చిక్కేమిటంటే అందరూ దాన్ని బేసిక్ అనే పిలవరు. నాట్‌వెస్ట్‌లో ఫౌండేషన్ అకౌంట్ అంటారు, నేషన్‌వైడ్‌లో ఫ్లెక్స్‌బేసిక్, కో-ఆపరేటివ్ బ్యాంకులో క్యాష్‌మైండర్. వెబ్‌సైట్ మొదటి పేజీలో ఇవి కనబడకపోవచ్చు. కరెంట్ అకౌంట్ల పేజీలో అడుగు దాకా వెళ్లి వెతకండి. లాభం లేని సరుకును ఏ దుకాణదారూ ముందు వరసలో పెట్టడు కదా.

ఏ బ్యాంకుదైనా మీకు దక్కేవి దాదాపు ఒకటే: జీతం వేసుకోవచ్చు, డెబిట్ కార్డు ఉంటుంది, డైరెక్ట్ డెబిట్, స్టాండింగ్ ఆర్డర్ నడుస్తాయి, యాప్ ఉంటుంది. ఓవర్‌డ్రాఫ్ట్, చెక్ బుక్ ఉండవు. డబ్బు లేక డైరెక్ట్ డెబిట్ వెనక్కి పోయినా బ్యాంకు ఫీజు వేయదు. నిజం చెప్పాలంటే ఐవీఏలో ఉన్న మనిషికి ఇంతకంటే మంచి అకౌంట్ లేదు. లేని ఓవర్‌డ్రాఫ్ట్‌ను ఎవరూ వాడలేరు.

ఇంకో దారి: ఇప్పుడు జీతం పడుతున్న బ్యాంకుకు, దాని గ్రూపుకు మీరు పైసా బాకీ లేకపోతే కదలాల్సిన పనే లేదు. ఉన్న అకౌంట్‌నే బేసిక్‌గా మార్చమని అడగండి. చాలామందికి ఈ మార్పు కుదురుతుంది, సార్ట్ కోడ్ కూడా మారకపోవచ్చు.

యాప్‌లోనే నడిచే ఈ-మనీ అకౌంట్లు కొన్ని క్రెడిట్ చెక్ లేకుండా వెంటనే తెరుచుకుంటాయి. అత్యవసరానికి ఫరవాలేదు. కానీ కంపెనీ మునిగితే బ్యాంకు డిపాజిట్లను కాపాడే ఎఫ్‌ఎస్‌సీఎస్ రక్షణ వాటికి ఉండదు. నెలనెలా ఫీజు తీసుకుని 'చెడ్డ క్రెడిట్ ఉన్నవారి కోసం ప్రత్యేకం' అని అమ్మేవాటి జోలికి పోకండి. ఉచితంగా ఇవ్వాల్సిన దానికి డబ్బు కట్టడం ఎందుకు?

3. పేరు సరిచేసుకోండి

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. దీనికీ అప్పులకూ ఏ సంబంధమూ లేదు.

మన పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, వెనకాల రెండు మూడు పేర్లు ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. కరెంటు బిల్లులో మాత్రం పొడి అక్షరాలు, ఇంటిపేరు ఉండాల్సిన చోట సొంత పేరు. కౌన్సిల్ టాక్స్ బిల్లులో ముందుది వెనక్కి, వెనకది ముందుకి. మన కంటికి అదే మనిషి. బ్యాంకు కంప్యూటర్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు. 'మీ వివరాలు నిర్ధారించలేకపోయాం' అన్న జవాబు వస్తే, ఐవీఏ వల్లనే కాదన్నారని మనం అనుకుంటాం.

దరఖాస్తుకు రెండు వారాల ముందే ఈ పనులు చేయండి:

- కౌన్సిల్ టాక్స్, కరెంటు ఖాతాల్లో పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా మార్పించండి.
- పాస్‌పోర్టు కొత్తది తీసుకుని ఉంటే దాన్ని మీ యూకేవీఐ ఖాతాకు (మీ ఈవీసా ఉండే ఆన్‌లైన్ ఖాతా) జత చేయండి. లేకపోతే షేర్ కోడ్ పాత నంబరే చూపిస్తుంది.
- ఓటరు జాబితాలో పేరు నమోదు చేయించుకోండి. భారతీయ పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, వీసా మీద ఇక్కడ నివసిస్తున్నా ఓటరుగా నమోదు కావచ్చు. చాలామందికి ఇది తెలియదు. బ్యాంకులు చిరునామా సరిచూసుకునేది ఎక్కువగా ఈ జాబితాతోనే.
- ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ ఏజెన్సీల్లోనూ మీ క్రెడిట్ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. తీసుకుని పాత చిరునామాలు, తప్పు స్పెల్లింగులు చూడండి.

4. దరఖాస్తు చేయండి, ఒక్కచోటే

మీ పరిస్థితి మామూలుగా ఉంటే ఆన్‌లైన్ చాలు. పేరు చిక్కు ఉంటే, షేర్ కోడ్‌తో గొడవ ఉంటే బ్రాంచికి వెళ్లడం మేలు. వెళ్లగానే మొహమాటపడకుండా "నాకు బేసిక్ బ్యాంక్ అకౌంట్ కావాలి, ఓవర్‌డ్రాఫ్ట్ వద్దు" అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. ఊరికే 'అకౌంట్ కావాలి' అంటే మామూలు కరెంట్ అకౌంట్ ఫారం తెరుస్తారు, దానికి పూర్తి క్రెడిట్ చెక్ జరుగుతుంది, అకౌంట్ రాకపోయినా ఆ చెక్ మీ క్రెడిట్ ఫైలులో గుర్తుగా మిగులుతుంది. కొన్ని బ్యాంకుల్లో ఫారం ఒకటే ఉంటుంది, మీకు ఏది వర్తిస్తుందో వాళ్లే తేలుస్తారు. అయినా సరే, మీరు అడిగింది బేసిక్ అని ఒకటికి రెండుసార్లు చెప్పండి.

'మీకు ఇప్పటికే అకౌంట్ ఉంది కదా' అంటే తడబడకండి. ఉన్న బ్యాంకుకు బాకీ ఉన్నందువల్ల దాన్ని వాడుకోలేకపోతున్నాననీ, ఆర్థిక ఇబ్బందిలో ఉన్నాననీ చెప్పండి. బ్యాంకులు ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందంలో ఈ కారణం కూడా ఉంది.

ఐవీఏ గురించి అడిగితే దాచకండి. మీ పేరు ఇండివిడ్యువల్ ఇన్‌సాల్వెన్సీ రిజిస్టర్‌లో ఉంటుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లేదని రాసి దొరికితే మోసం చేశారని సిఫాస్‌లో (మోసాల వివరాలను బ్యాంకులు పంచుకునే డేటాబేస్) మీ పేరు మీద గుర్తు పడొచ్చు. ఐవీఏ ఉన్నవాళ్లకు అకౌంట్ ఇస్తారు. సిఫాస్ గుర్తు ఉన్నవాళ్లకు దాదాపు ఎవరూ ఇవ్వరు. ఆ గుర్తు 6 ఏళ్లు ఉండొచ్చు. అడగకపోతే మీ అంతట మీరు కథంతా చెప్పుకోనక్కర్లేదు.

కాగితాలన్నీ అందాక 10 పనిదినాల్లోగా బ్యాంకు అకౌంట్ తెరవాలి, లేదా కాదనాలి. ఆ లోపు భయపడి ఇంకో నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి.

5. ఐదు పౌండ్లతో పరీక్షించండి

అకౌంట్ నంబరు, సార్ట్ కోడ్ వచ్చాయి. కార్డు పోస్టులో వచ్చింది. జీతం మార్చేద్దామని తొందరపడకండి. ముందు పాత అకౌంట్ నుంచి 5 పౌండ్లు పంపండి. పంపేటప్పుడు పేరు సరిపోయిందా లేదా అని స్క్రీన్ మీద చూపిస్తుంది. 'దగ్గరగా ఉంది' అని వస్తే బ్యాంకు మీ పేరును ఎలా నమోదు చేసుకుందో అక్కడే కనిపిస్తుంది. సరిగ్గా ఆ పేరునే రాసి పెట్టుకోండి, పేరోల్‌కు అదే ఇవ్వాలి. తర్వాత ఒకసారి ఏటీఎంలో డబ్బు తీయండి, ఒకసారి దుకాణంలో కార్డు పెట్టి చూడండి. మూడూ జరిగితే అకౌంట్ నడుస్తున్నట్టే.

6. జీతం మార్చండి

ఈ దశకు గడువుంది. చాలా కంపెనీల్లో పేరోల్ లెక్క జీతం రోజుకు వారం పది రోజుల ముందే ముగుస్తుంది. మీ కంపెనీలో ఆఖరు తేదీ ఎప్పుడో ముందు అడగండి. కారణం చెప్పాల్సిన పని లేదు. 'బ్యాంకు మార్చాను' అంటే చాలు, రోజూ ఎవరో ఒకరు మారుస్తూనే ఉంటారు. చైల్డ్ బెనిఫిట్ లాంటివి వస్తుంటే వాటికీ కొత్త వివరాలు ఇవ్వండి.

గడువు దాటిపోయిందా? జీతం పాత అకౌంట్లో, ఓవర్‌డ్రాఫ్ట్ మీదే పడబోతోందా? ఆఖరి ఉపాయం ఒకటుంది. జీతం పడక ముందే ఆ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి: ఫలానా తేదీన వచ్చే డబ్బులో ఇంత అద్దెకు, ఇంత కరెంటుకు, ఇంత తిండికి వాడమని. దీన్ని ఫస్ట్ రైట్ ఆఫ్ అప్రోప్రియేషన్ అంటారు. ఖాతాలోకి వచ్చే డబ్బు ముందు దేనికి పోవాలో చెప్పే హక్కు అది. మొత్తం, తేదీ, ఎవరికి చెల్లించాలో ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి, ప్రతి జీతానికీ కొత్తగా రాయాలి. నాకు ఇది తర్వాత తెలిసింది. అప్పటికి చేతులు కాలాయి.

7. డైరెక్ట్ డెబిట్లు ఒక్కొక్కటే మార్చండి

బ్యాంకు మారేవాళ్ల కోసం కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ ఉంది. 7 పనిదినాల్లో అన్నీ మార్చేసి పాత అకౌంట్‌ను మూసేస్తుంది. మామూలు మనిషికి బంగారం లాంటిది. అప్పుల్లో ఉన్నవాళ్లకు నేను వద్దంటాను. ఎందుకంటే అది అన్నిటినీ మారుస్తుంది, మీరు ఆపాలనుకుంటున్న కార్డు, లోను డైరెక్ట్ డెబిట్లతో సహా. ఏ దెయ్యం నుంచి పారిపోయారో అదే మూటలో కూర్చుని కొత్త ఇంటికి వస్తుంది. పైగా ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ ఉంటే ఆ బాకీ సంగతి మీరే తేల్చుకోవాలి.

చేత్తో చేసుకోండి. 3 నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ప్రతి చెల్లింపు పక్కనా ఒక అక్షరం వేయండి: మా అంటే మార్చాలి, ఆ అంటే ఆపాలి. అద్దె, కౌన్సిల్ టాక్స్, కరెంటు, గ్యాస్, నీళ్లు, ఫోన్, కారు బీమా లాంటివి మార్చాలి. ఐవీఏలోకి వెళ్లే అప్పులు ఆపాలి. కానీ ఎప్పటి నుంచి ఆపాలో మీ ఐవీఏను తయారుచేసే ఇన్‌సాల్వెన్సీ ప్రాక్టీషనర్‌ను అడిగి చేయండి. కారు ఫైనాన్స్, ఇంటి మార్ట్‌గేజ్ ఈ లెక్కలో కలిపేయకండి. అవి ఆగితే కారూ ఇల్లూ ప్రమాదంలో పడతాయి.

మీ కార్డు నంబరు ఇచ్చి పెట్టుకున్న చెల్లింపులు వేరు. జిమ్, సినిమా యాప్‌లు, పేడే లోన్లు చాలావరకు ఈ రకమే. డైరెక్ట్ డెబిట్ల జాబితాలో ఇవి కనబడవు. వీటిని ఆపమని కంపెనీని బతిమాలక్కర్లేదు, నేరుగా మీ బ్యాంకుకే చెప్పొచ్చు. చెప్పాక బ్యాంకు ఆపాలి.

డైరెక్ట్ డెబిట్ తేదీలన్నీ జీతం పడిన మర్నాటి నుంచి నాలుగైదు రోజుల్లో ఉండేలా కంపెనీలను అడగండి. బేసిక్ అకౌంట్‌లో ఒక్క పౌండు తగ్గినా చెల్లింపు వెనక్కి పోతుంది. బ్యాంకు ఫీజు వేయకపోయినా కరెంటు కంపెనీ వేయొచ్చు.

8. ఐవీఏ వాయిదా, సూపర్‌వైజర్

కొత్త అకౌంట్ వివరాలు మీ ఐవీఏ సూపర్‌వైజర్‌కు (మంజూరయ్యాక ఐవీఏను నడిపే ప్రాక్టీషనర్) ఈమెయిల్‌లో పంపండి. ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. ఏడాదికోసారి జరిగే సమీక్షలో బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. వాళ్లకు తెలియని అకౌంట్ అప్పుడు బయటపడితే, మీరు ఏమీ దాచకపోయినా దాచినట్టే కనిపిస్తుంది. వాయిదా డైరెక్ట్ డెబిట్ అయితే కొత్త మాండేట్ ఇవ్వాలి, స్టాండింగ్ ఆర్డర్ అయితే మీరే పెట్టుకోవాలి. మారే నెలలో ఒక వాయిదా తప్పడం చాలా మామూలు. ఆ నెల మాత్రం చేత్తో కట్టేసి రసీదు ఉంచుకోండి.

అదే ఈమెయిల్‌లో ఇండియా సంగతులు కూడా తేల్చేసుకోండి. ఊళ్లో మీ పేరున ఉన్న పొలం, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్, చిట్టీ, నాన్నగారు మీ పేరున కొన్న స్థలం, అన్నీ చెప్పాల్సిందే. ఐవీఏ ప్రపోజల్‌లో ఆస్తి ఎక్కడున్నా రాయాలి. తెలిసి తప్పుగా రాస్తే 1986 ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద అది నేరం. ఇంటికి నెలనెలా పంపే డబ్బు, అక్కడి హోమ్ లోన్ ఈఎంఐ కూడా మీ ఖర్చుల లెక్కలో ఉండాలి. లెక్కలో లేకుండా కొత్త అకౌంట్ నుంచి ప్రతి నెలా 200 పౌండ్లు ఇండియాకు వెళ్తుంటే స్టేట్‌మెంట్‌లో అది అందరికంటే ముందు సూపర్‌వైజర్ కంట పడుతుంది.

ఇంకో షరతు. సూపర్‌వైజర్ రాతపూర్వక అనుమతి లేకుండా 500 పౌండ్లు దాటి కొత్త అప్పు చేయకూడదని ఐవీఏ ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది. ఏడాది గడిచాక బ్యాంకు 'మీకు ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తాం, అకౌంట్ మార్చుకోండి' అని మెసేజ్ పెడితే మురిసిపోయి నొక్కకండి.

9. పాత అకౌంట్

రెండు నెలల దాకా పాతదాన్ని మూయకండి. మర్చిపోయిన చెల్లింపులు, ఆలస్యంగా వచ్చే రీఫండ్లు అప్పుడే కనబడతాయి. కొత్తగా డబ్బు మాత్రం అందులో పడనివ్వకండి. ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ ఉంటే అది ఐవీఏలో చేరిందని జాబితాలో చూసుకోండి. బాకీ లేకపోతే స్టేట్‌మెంట్లు దించుకుని మూసేయండి.

అది జాయింట్ అకౌంట్ అయితే కాస్త ఆగండి. జాయింట్ ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఇద్దరూ పూర్తి బాధ్యులు. మీరు ఐవీఏలోకి వెళ్తే బ్యాంకు మొత్తం బాకీకి మీ భార్యనో, భర్తనో పట్టుకోవచ్చు. వాళ్ల జీతం అందులో పడుతుంటే వాళ్లకూ వేరే బ్యాంకులో విడిగా అకౌంట్ తెరవాలి. కొత్త అకౌంట్‌లో ఇద్దరి పేర్లూ పెట్టకండి. పెడితే వాళ్ల క్రెడిట్ ఫైలుకు మీ ఫైలు ముడిపడుతుంది. ఇదంతా ఇంట్లో చెప్పకుండా చేయడం కుదరదు. ఎలా చెప్పాలో మీ ఇష్టం, కానీ బ్యాంకు ఉత్తరం చెప్పక ముందే చెప్పండి.

కాదంటే ఏం చేయాలి

కారణం రాసి ఇమ్మని అడగండి. చట్టం అడ్డు రానప్పుడు బ్యాంకు కారణం చెప్పాలి. వచ్చిన కారణాన్ని బట్టి:

- గుర్తింపు సరిపోలేదంటే 3వ దశకు వెళ్లండి. కాగితాలతో బ్రాంచికి వెళ్తే ఎక్కువగా అక్కడే తేలిపోతుంది.
- క్రెడిట్ స్కోరు అంటే, మీ దరఖాస్తును మామూలు అకౌంట్‌గా చూశారన్నమాట. బేసిక్ అకౌంట్ కింద మళ్లీ చూడమని అడగండి.
- ఏ కారణమూ చెప్పకపోతే సిఫాస్‌కు రాసి మీ వివరాలు తెప్పించుకోండి. ఉచితమే. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఎవరికో 'ఒక్కసారి' అకౌంట్ వాడుకోనిచ్చిన సంగతి కొందరికి అప్పుడే గుర్తొస్తుంది.

అయినా తేలకపోతే బ్యాంకుకు 'ఇది ఫిర్యాదు' అన్న మాట వాడి ఫిర్యాదు పెట్టండి. వాళ్ల ఆఖరి జవాబు నచ్చకపోయినా, 8 వారాలైనా జవాబు రాకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు. ఆఖరి జవాబు వచ్చిన 6 నెలల్లో వెళ్లాలి.

నేను పదేపదే చూసే తప్పులు

ఫ్రెండ్ అకౌంట్‌లో జీతం వేయించుకోవడం. సాయం చేసిన పాపానికి ఆ ఫ్రెండ్ అకౌంట్ కూడా స్తంభించొచ్చు, ఐవీఏలో మీరు ఆదాయం దాచినట్టవుతుంది. ఎంత ప్రాణ స్నేహితుడైనా ఈ సాయం అడగకండి.

కొత్త అకౌంట్ రాక ముందే పాతదాంట్లో డైరెక్ట్ డెబిట్లన్నీ రద్దు చేసేయడం. కోపంలో చేసే పని ఇది. కౌన్సిల్ టాక్స్ కూడా ఆగిపోయి, అప్పు మీద అప్పు మొదలవుతుంది.

అకౌంట్ తెరిచి వదిలేయడం. 24 నెలలు వరసగా ఏ లావాదేవీ లేకపోతే బ్యాంకు దాన్ని మూసేయొచ్చు. రెండు బేసిక్ అకౌంట్లు తెరిచినా ఒకటి పోవచ్చు.

'క్రెడిట్ స్కోరు బాగు చేస్తాం' అనేవాళ్లకు డబ్బు కట్టడం. ఐవీఏ గుర్తు అది మంజూరైన తేదీ నుంచి 6 ఏళ్లు ఫైలులో ఉంటుంది. నిజమైన సమాచారాన్ని డబ్బిచ్చి చెరిపించలేరు.

అంతా సరిగ్గా జరిగిందా, ఇలా చూసుకోండి

మొదటి జీతం రోజు పొద్దున్నే రెండు యాప్‌లూ తెరవండి. కొత్తదాంట్లో జీతం ఉండాలి, పాతదాంట్లో ఏమీ పడకూడదు. అదే వారం చివర అద్దె, కౌన్సిల్ టాక్స్, ఐవీఏ వాయిదా మూడూ కొత్తదాంట్లోంచి వెళ్లాయో లేదో చూడండి. వెళ్లకపోతే ఆ రోజే ఫోన్ చేయండి, ఉత్తరం వచ్చేదాకా ఆగకండి.

రెండో నెల చివర పాత అకౌంట్ స్టేట్‌మెంట్ తీయండి. అందులో ఇంకా ఏదైనా చెల్లింపు కనిపిస్తే అది మీ జాబితా నుంచి తప్పించుకున్నది. ఎక్కువగా ఏడాదికోసారి వచ్చే బీమా, టీవీ లైసెన్స్ ఇలా మిగులుతాయి. పేపర్ స్టేట్‌మెంట్లు ఇంకా పాత చిరునామాకు పోతున్నాయేమో కూడా చూడండి.

మూడో నెలలో క్రెడిట్ రిపోర్టు మరోసారి తీసుకోండి. కొత్త అకౌంట్ పక్కన ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ఉండకూడదు. ఎవరి పేరుతోనూ కొత్తగా ముడి పడి ఉండకూడదు.

ఐవీఏ ముగిశాక పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని స్కాన్ చేసి ఈమెయిల్‌లో ఒక కాపీ ఉంచుకోండి. మీ పేరు ఇన్‌సాల్వెన్సీ రిజిస్టర్ నుంచి 3 నెలల్లో పోవాలి. క్యాలెండర్‌లో ఆ తేదీ పెట్టుకుని రిజిస్టర్‌లో మీ పేరు వెతకండి. ఇంకా కనిపిస్తే సర్టిఫికెట్ జతచేసి సూపర్‌వైజర్‌కు రాయండి.